ముందు లేచేది ఎవరు?

పొద్దున్నే టీ కప్పు పట్టుకుని వంటగదిలోంచి హాల్లోకి రావాలంటే ఆవిడ పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి రావాలి. దారికి అడ్డంగా భర్తగారి బల్ల ఉంది. బల్ల మీద కంప్యూటరు, దాని ముందు ఆయన. నెట్ సరిగ్గా అందేది అక్కడేనట. రెండు నెలలుగా అదే ఆయన ఆఫీసు.

ఇరవై ఆరేళ్లు ఒకే ఇంజనీరు దగ్గర ఇళ్ల ప్లాన్లు గీశాడాయన. అక్కడ అందరూ ‘స్కేలుగారు’ అనేవారు. ఇంజనీరు ఆఫీసు మూసేశాక, ఇంట్లో కూర్చునే పని చేసుకోవచ్చని ఎవరో చెబితే ఒక ఆన్‌లైన్ సైట్లో చేరాడు. అక్కడ జనం తమకు కావలసిన పని రాస్తారు. చేయగలిగినవాళ్లు ప్రపోజల్ పంపాలి. ఆయన నలభై పంపాడు. ఒక్కరూ పలకలేదు.

“రేటింగ్ లేకపోతే పనివ్వరట. పని చెయ్యందే రేటింగ్ రాదట. మరి మొదలెట్టేదెలా?” అన్నాడు టీ అందుకుంటూ.

ఈ ప్రశ్న రోజూ అడుగుతాడు. ఆవిడా రోజూ విని ఊరుకుంటుంది. ఇవాళ ఊరుకోలేదు.

“మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేస్తాడు. వాడి టైల్స్ కొట్లో కూర్చుంటారో లేదో తేల్చి చెప్పాలి. లేదంటే ఇంకొకరిని పెట్టుకుంటాడట.”

“కొట్లో కూర్చుంటే ఇంక గీసేదెప్పుడు?”

“ఇప్పుడు మాత్రం ఏం గీస్తున్నారండీ, ఆ తెరకేసి చూడ్డం తప్ప?”

ఆ మాట గట్టిగానే తగిలింది. ఆయన కప్పు పక్కన పెట్టి కుర్చీలోంచి లేచాడు.

“నువ్వే కూర్చుని చూడు. నేనేం తప్పు చేస్తున్నానో నాకు అర్థం కావడం లేదు. నిజంగానే అర్థం కావడం లేదు.”

ఆ గొంతు విని ఆవిడకి సగం కోపం దిగిపోయింది. మిగతా సగంతో కూర్చుని ఆయన పంపినవన్నీ చదివింది. పని ఇచ్చేవాళ్లేమో ప్లానుకి ఎంత తీసుకుంటారు, ఎన్ని రోజుల్లో ఇస్తారు అని అడిగారు. ఈయన ధరా రాయలేదు, రోజులూ రాయలేదు. అందరికీ తలా పధ్నాలుగు ప్రశ్నలు పంపాడు. ఇంట్లో ఎంతమంది? మోకాళ్ల నొప్పులు ఎవరికి? పిల్లలు ఎక్కడ చదువుకుంటారు? అలిగినవాళ్లు ఏ గదిలోకి వెళ్తారు?

“ధర చెప్పమంటే మోకాళ్ల సంగతి అడుగుతారా ఎవరైనా?”

“ఇంజనీరుగారు ఇంటివాళ్లని తెచ్చి నా ముందు కూర్చోబెట్టేవారు. ఇవన్నీ అడిగాకే పెన్సిల్ పట్టేవాణ్ణి. ఉండేది ఎవరో తెలియకుండా ఇల్లెలా గీస్తాను?”

నవ్వాలో తల బాదుకోవాలో ఆవిడకి తెలియలేదు. చివరి ప్రశ్న దగ్గర మాత్రం ఆగి, దాన్ని పైకి చదివింది.

“ఇంట్లో అందరికంటే ముందు లేచేది ఎవరు? వాళ్ల దారిలో ఏముంది?”

ఆయన ఆవిడ వైపు తిరిగాడు. బల్ల మీద పెట్టిన ఆవిడ ముంజేతి మీద కమిలిన మచ్చ కనిపించింది. అది బల్ల మూల తగిలి అయిందని ప్లాన్లు గీసేవాడికి వేరే చెప్పనక్కర్లేదు. ముక్కూ మొహం తెలియని నలభైమందిని అడిగిన మాట కట్టుకున్న మనిషిని అడగలేదు. ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

“నొప్పిగా ఉందా?”

“ఇప్పుడా అడిగేది?” అంది కానీ, ఆవిడ కళ్లూ నిండాయి. తుడుచుకుని కీబోర్డు ఆయన వైపు జరిపింది. “ధర, రోజులు పైన రాయండి. కింద ఒక్క ప్రశ్న చాలు. ఈ చివరిది.”

ఆయన అలాగే రాసి కొత్తగా ముగ్గురికి పంపాడు.

మధ్యాహ్నం తమ్ముడి ఫోన్ ఆవిడే తీసింది. “మీ బావగారికి కుదరదురా, ఇంకొకరిని చూసుకో” అని పెట్టేసింది. పెట్టేశాక తనేం చేసిందో తనకే అర్థం కాలేదు.

సాయంత్రం కంప్యూటరు టింగుమంది. ఎవరో రాశారు: ‘ముందు లేచేది మా అమ్మ. ఆవిడ దారిలో రెండు మెట్లున్నాయి. వాటినేం చేద్దాం?’

ఆయన మూడుసార్లు చదివాడు. “అంటే పని ఇచ్చినట్టా, ఇవ్వనట్టా?”

“నాకేం తెలుసు? తర్వాత అడుగుదురుగాని. ముందు ఈ బల్ల కిటికీ దగ్గరికి జరుపుదాం, ఆ చివర పట్టుకోండి.”

“కిటికీ దగ్గర నెట్ రాదేమోనే.”

“వచ్చినప్పుడే వస్తుంది. పట్టుకోండి.”

ఆయన పట్టుకున్నాడు.