చెయ్యి కాలిందని రాసిన ఉత్తరం

“ఇది నా కూతురు రాసింది కాదు!”

గూఢచారి శాఖ బాస్ బల్ల మీద ఉత్తరం పడింది. దాని మీద ఆ తల్లి అరచెయ్యి పడింది. టీ గ్లాసు ఎగిరిపడింది.

మూలన కూర్చున్న ఏజెంట్ పిల్లి ఉత్తరం అందుకున్నాడు. ఫిరంగి గుండ్లలో మందు కూరే ఫ్యాక్టరీలో పనిచేసే పిల్ల ఇంటికి రాసిన ఉత్తరం. ‘చెయ్యి కాలిందమ్మా. ఆస్పత్రిలో ఉన్నాను. నెలదాకా రాయలేను. చూడ్డానికి రావద్దు.’

“రాత ఆమెదేగా?” అన్నాడు బాస్.

“రాతదేముంది, ఎవడైనా దించుతాడు. జ్వరంతో మూలుగుతూ కూడా ‘గుండ్రాయిలా ఉన్నానమ్మా’ అని రాసే రకం అది. యుద్ధం మొదలయ్యాక నాకొక్క నిజం రాస్తే ఒట్టు!”

పిల్లికి ఒళ్లు మండింది. ఫ్యాక్టరీ ప్రమాదం గురించి ఎవరు రాసినా, ఉత్తరాలు తనిఖీ చేసే సెన్సార్ నల్లగీత కొట్టాలి. ఇందులో గీత లేదు, ముద్ర ఉంది.

“ముద్ర ఎవరిది, బాస్?”

“ఫ్యాక్టరీ సెన్సార్, సెంటు మేడమ్‌ది. మన మనిషేగా!”

“మన జీతం తింటూ శత్రువు పని చేస్తోంది. పిల్లని మాయం చేసి, ఎవరూ వెతక్కుండా ఇది పంపింది. పిల్ల బ్యాడ్జీతో ఈపాటికి ఎవరో లోపలికి వెళ్లే ఉంటారు.”

“నేనూ వస్తా,” తల్లి లేచింది. “ఆ ఫ్యాక్టరీలో ముసుగులేస్తే మీకందరూ ఒకటే. నాకు కాదు.”

షిఫ్ట్ సైరన్ మోగేసరికి పిల్లి ఎలక్ట్రీషియన్ వేషంలో, తల్లి ఊడ్చే మనిషి వేషంలో షెడ్డులో ఉన్నారు. వరసగా బల్లలు, వరసగా ముసుగులు. ఉన్నట్టుండి చీపురు ఆగింది.

“ఆ చివర బల్ల. బ్యాడ్జీ నా కూతురిదే. ఆ నడుం మాత్రం పనిచేసి ఎరగని నడుం.”

ముసుగు గిర్రున తిరిగింది. సెంటు వాసన గుప్పుమంది. మేడమే! చేతిలో పిస్టల్, బల్ల కింద టిక్ టిక్‌మనే టిఫిన్ డబ్బా.

“కదిలావో, కాలుస్తా!”

“మందుగుండు మధ్యనా?” అన్నాడు పిల్లి. “నీ సెంటు వాసన కూడా మిగలదు.”

ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. చీపురు కర్ర మణికట్టు మీద ఫెడేలుమంది.

“నా కూతురి పేరు పెట్టి నాకు అబద్ధాలు రాస్తావుటే, దరిద్రపుదానా! ఆ హక్కు దానికొక్కదానికే ఉంది!”

పిస్టల్ నేల తాకేలోపే పిల్లి పట్టేశాడు. జేబులోంచి లైటర్ తీశాడు. అందులో నిప్పుండదు, కట్టర్ ఉంటుంది. వైరు తెగింది. టిక్ టిక్ ఆగింది.

“పొయ్యి ఆరింది, బాస్,” ఫోన్‌లో కోడ్ చెప్పాడు.

మేడమ్ గదిలో, ఉత్తరాల సంచుల వెనక, పిల్ల దొరికింది. తాళ్లకు చేతులు ఒరుసుకుపోయాయి. సాయంత్రానికల్లా ఆ చేతులతోనే ఊళ్లో ఉన్న అమ్మమ్మకి ఉత్తరం మొదలెట్టింది.

“ఏం రాస్తున్నావే?” తల్లి కోపం ఇంకా చల్లారలేదు.

“అంతా బాగుందనీ, విశేషాలేం లేవనీ.”

తల్లి కాగితం మీదికి వంగింది. “నేనూ హాయిగా ఉన్నానని రాయి. ముసలిప్రాణం, బెంగెట్టుకుంటుంది.”

కొత్త మనిషి వచ్చేదాకా సెన్సార్ పని పిల్లి నెత్తినే పడింది. ఉత్తరం రెండుసార్లు చదివాడు. నల్లగీత కొడదామంటే ఒక్క నిజమూ దొరకలేదు. ముద్ర వేసి పంపేశాడు.