ఒకే గడపలో ఇద్దరు

పొద్దున్నే దేవి పెసరట్ల పిండి తీస్తుంటే, అత్తగారు కనకలక్ష్మి వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పేసింది.

"ఒకే గడపలో ఇద్దరు చూలింతలుండకూడదే. రేపు నువ్వు ఏ.ఎస్. రావు నగర్లో మా చెల్లెలింటికి వెళ్ళిపో."

దేవికి ఎనిమిదో నెల. తోటికోడలు సింధూరకి ఆరో నెల. వెళ్ళాల్సింది మాత్రం తనేనా? ఎందుకు కాదూ! సింధూరది హైటెక్ సిటీలో కంప్యూటర్ ఉద్యోగం. ఆమె కోసం మల్కాజ్‌గిరి సందులోకి కంపెనీ కారొస్తుంది. తొమ్మిదితో చదువాగిపోయిన దేవి కోసం పాలవాడైనా రెండోసారి బెల్లు కొట్టడు.

మొన్న ఆసుపత్రిలోనూ అంతే. పరీక్ష దేవికి, డాక్టరమ్మ ఇంగ్లీషు మాత్రం తోడొచ్చిన సింధూరతో. బయటికొచ్చాక "అంతా బావుందక్కా" అంది సింధూర, మొహం తిప్పుకుని. అప్పట్నుంచీ ఆమె సెల్‌ఫోన్‌లో నవ్వినా దేవికి ఒళ్ళు మండుతోంది.

పిండి చేత్తోనే హాల్లోకి వచ్చింది. అత్తగారు సింధూరకి దానిమ్మ గింజలు వలిచి పెడుతోంది.

"తనకి దానిమ్మ, నాకు గ్రైండరు! జీతం తెచ్చే కోడలికి నా దిష్టి తగులుతుందనా అత్తయ్యా, గెంటేస్తున్నారు?"

"ఏంటే ఆ మాటలు?"

"అక్కా, ప్లీజ్..."

"నువ్వు మాట్లాడకు! నా పక్కనే కూచుని డాక్టరుతో గుసగుసలాడినదానివి!"

సింధూర చేతిలో గిన్నె కింద పెట్టేసింది. "ఇంక దాచడం నా వల్ల కాదత్తయ్యా. అక్కా, మాయ కిందికి ఉందట. ఎప్పుడైనా బ్లీడింగ్ కావచ్చట. ఆసుపత్రికి దగ్గర్లో ఉండమన్నారు. పిన్నత్తగారింటికి అది పక్క వీధేగా."

దేవి గోడకి ఆనుకుంది.

"మొదటి కాన్పులో నీ నెత్తురు చూసి నా ప్రాణం పోయిందే," అంది కనకలక్ష్మి. "చెబితే బెంగతో తిండి మానేస్తావని గడప వంక పెట్టాను. నేనూ నీతోనే వస్తున్నాను. ఈ పిల్ల వాళ్ళ ఆఫీసులో నీ గ్రూపు రక్తం ఉన్నవాళ్ళని ఇద్దర్ని మాట్లాడింది. సెల్‌ఫోనూ నీకే ఇస్తానంటోంది."

"నా కడుపులో సంగతి నాకు తప్ప అందరికీ తెలుసన్నమాట!"

దేవికి కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ ఇన్నాళ్ళూ మనసులో ఈ పిల్లని ఎన్ని శాపనార్థాలు పెట్టిందో తల్చుకుంటే సిగ్గేసింది. మెల్లిగా సింధూర పక్కన కూచుంది.

"నెత్తురు కనిపిస్తే నేనేం చెయ్యాలి? ముందు ఎవరికి ఫోన్ చెయ్యాలి? డాక్టరు చెప్పిందంతా చెప్పు. తెలుగులో చెప్పు. నాకే చెప్పు."

సింధూర ఒక్కటొక్కటిగా చెప్పింది. ఫోన్ ఎలా చెయ్యాలో రెండుసార్లు చూపించింది. చివరికొచ్చేసరికి ఏడుపు ఆగలేదు.

"నాకూ భయంగా ఉందక్కా. నా కాన్పుకి నువ్వుంటావుగా?"

"ఉండక ఎక్కడికి పోతానే పిచ్చిదానా," అంటూ దేవి ఆమెను పిండి చేత్తోనే దగ్గరికి లాక్కుంది.