అమ్మమ్మ లేని ప్రయాణం

“వాణ్ణి నేను పంపను బాబూ. మీరిద్దరూ వెళ్ళిరండి, ఎన్ని దేశాలైనా చూసిరండి, నేను కాదనను. పిల్లాడు మాత్రం నా దగ్గరే ఉంటాడు.”

ఆ మాట అనేసి శకుంతల వంటింట్లోకి వెళ్ళిపోయింది. ముందుగదిలో అల్లుడు రాహుల్ కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. పక్కన కూర్చున్న కీర్తన తల వంచుకుంది. ఈ సంగతి చెబుదామనే ఇద్దరూ తెనాలి నుంచి బాపట్ల దాకా ఎంతో సంతోషంగా వచ్చారు. వేసవిలో వియన్నా నగరంలో కొన్నాళ్ళు ఉండి, అక్కణ్ణించి రైల్లో ఇన్స్‌బ్రక్ దగ్గరి కొండల్లోకి వెళ్ళాలనీ, రెండున్నరేళ్ళ సాత్విక్‌ని కూడా వెంట తీసుకెళ్ళాలనీ వాళ్ళ ఆలోచన. పిల్లవాడి పేరు ఎత్తేసరికే శకుంతల ముఖం మాడిపోయింది.

వంటింట్లో గట్టును ఆనుకుని నిలబడి ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. వీళ్ళకేం తెలుసు... ఆ పసివాణ్ణి గుడ్డలో చుట్టి నర్సు తన చేతుల్లో పెట్టిన రోజు వీళ్ళకేం గుర్తుంటుంది... కాన్పులో రక్తం ఆగక, ఒక్కగానొక్క కూతురు స్నేహ తెల్లవారేసరికి కన్నుమూసింది. కూతురి శవం ఒక బండిలో, కూతురి బిడ్డ తన ఒడిలో... అలా ఇంటికి వచ్చింది శకుంతల. ఏడవడానికి కూడా తీరిక లేదామెకు. పాలు కలపాలి, గుడ్డలు మార్చాలి, కడుపునొప్పితో గుక్కపట్టిన బిడ్డను భుజాన వేసుకుని తిరగాలి. ఆ బిడ్డే లేకపోతే తను ఏనాడో కూతురి వెంటే వెళ్ళిపోయేదాన్నని ఆమె నమ్మకం. రాహుల్‌కి తెనాలిలో మినపప్పు మిల్లు. పెద్దవాళ్ళంతా కూర్చోబెట్టి చెప్పి, కిందటేడు రేపల్లె అమ్మాయి కీర్తననిచ్చి పెళ్ళి చేశారు. ఆ పెళ్ళికి శకుంతల వెళ్ళింది, అక్షింతలు వేసింది. రెండో భార్యను కూడా కూతురిలాగే చూసుకోవాలన్నారు నలుగురూ. కీర్తన కూడా మొదటిరోజు నుంచీ “అమ్మా” అనే పిలిచింది. ఆ పిలుపు విన్నప్పుడల్లా శకుంతలకు గుండెలో ఎక్కడో కలుక్కుమనేది. ఆ పిల్ల తప్పేమీ లేదని తెలుసు. తెలిసినా బాధ బాధే కదా...

భర్త హనుమాన్‌ప్రసాద్ నెమ్మదైన మనిషి. ఆయన లోపలికి వచ్చి, “వాళ్ళు పరాయివాళ్ళు కాదు శకుంతలా, వాడి కన్నతండ్రి అడుగుతున్నాడు” అన్నాడు. ఆమె గట్టు తుడవడం మొదలుపెట్టింది. ఆయనే మళ్ళీ, “పోనీ, నువ్వు కూడా వెళ్ళకూడదా? పిల్లాడు నీ దగ్గరే ఉన్నట్టుంటది, వాళ్ళ మాటా నిలబడుద్ది” అన్నాడు.

ముందుగదిలోంచి ఆ మాట విన్న రాహుల్ ముఖం వికసించింది. “అత్తయ్యగారు వస్తే నాకు ఏ దిగులూ ఉండదండీ. నేనే అడుగుదామనుకుని మొహమాటపడ్డాను” అన్నాడు. కీర్తన ఏదో అనబోయి మానుకుంది. ఆ సంతోషంలో ఎవరూ ఆ సంగతి గమనించలేదు.

ఆ తరువాత కొన్ని వారాలు శకుంతల కొత్త మనిషైపోయింది. కూతురు పోయాక ఆ ఇంట్లో ఆమె నవ్వు వినబడింది ఇప్పుడే. హైదరాబాదు వెళ్ళి వీసా కోసం వేలిముద్రలు ఇచ్చివచ్చింది. వేసవి ఎండల్లో ఉన్ని స్వెట్టరు కావాలని అడిగితే బాపట్ల బజారులో కొట్టువాడు నవ్వాడు. తనూ నవ్వింది. జీవితంలో మొదటిసారి బూట్లు కొనుక్కుని, చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని వరండాలో నడక నేర్చుకుంటుంటే సాత్విక్ చప్పట్లు కొట్టాడు. “మమ్మా, బూట్టు!” అని వాడు కేక పెడితే ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగేదాకా నవ్వొచ్చింది. రాగిపిండి వేయించి దంచింది. వాము, శొంఠి, చారుపొడి వేరువేరుగా కట్టింది. “వాడు అక్కడి రొట్టెలు తినడండీ, గుక్కెడు జావైనా కాచి పోయాలి” అని భర్తతో చెప్పింది. కొండల ఫొటోలు ఫోనులో చూపించి, “మనిద్దరం ఇక్కడికే వెళ్తాం కన్నా” అని మనవడికి చెప్పేది. మనిద్దరం అనేది. ఆ ప్రయాణంలో మిగతా ఇద్దరూ ఉన్నారన్న సంగతి ఆమెకు తోచనేలేదు.

అలాంటి రోజుల్లో, ఒక మధ్యాహ్నం కీర్తన ఒక్కతే రైలు దిగి వచ్చింది. సాత్విక్ పడుకున్నాడు. హనుమాన్‌ప్రసాద్ పొలం పనిమీద వెళ్ళాడు. మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, ఆ పిల్ల చాలాసేపు చేతులు నలుపుకుంది.

“అమ్మా, మిమ్మల్ని ఒకటి అడగటానికి వచ్చాను. మీరు తిట్టినా పడతాను. మీరు... మీరు మాతో రావద్దమ్మా.”

శకుంతలకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నిలబడింది.

“ఏంటి నువ్వనేది?”

“మీరంటే ఇష్టం లేక కాదమ్మా...”

“మరెందుకు? నా కూతురి స్థానంలోకి వచ్చావు. నేను అడ్డం చెప్పానా? పీటల దగ్గర నిలబడి అక్షింతలు వేశాను. నాకు మిగిలింది వీడొక్కడే. వీణ్ణి కూడా అట్టా చేతుల్లోంచి తీసుకుపోయి, అమ్మమ్మ అక్కర్లేదంటావా? కొండలు చూపించి వాడికి నన్ను మరిపిస్తావా?”

కీర్తన కళ్ళ వెంట నీళ్ళు జలజలా రాలాయి. తుడుచుకోలేదు. “ఈ ప్రయాణం నాకోసం కాదమ్మా. నాకు కొండలు చూడాలని ఎప్పుడూ లేదు. నేనే పట్టుబట్టి ఇదంతా అనుకున్నది ఆయన కోసం. ఆయన వాణ్ణి ఎత్తుకోగా మీరెప్పుడైనా చూశారా?”

శకుంతల పిల్లాడు పడుకున్న గది వైపు చూసింది.

“ప్రతి ఆదివారం వస్తారు. బొమ్మలు తెస్తారు. దూరంగా కూర్చుని చూస్తారు. వాడు దగ్గరకొస్తే లేచి నిలబడతారు. తెనాలి తీసుకొచ్చిన రోజున మా అత్తయ్య ఎత్తుకుంటారు. ఇక్కడ మీరు ఎత్తుకుంటారు. ఎప్పుడూ ఎవరో ఒకరు అందుకుంటూనే ఉన్నారమ్మా. ఆయనకి ఆ అవసరమే రాలేదు. ఎవరూ లేనిచోట, వీడు ఏడిస్తే తను తప్ప ఇంకెవరూ లేనిచోట కొన్నాళ్ళుంటే... అందుకే నేను పెద్ద పెద్ద ఊళ్ళన్నీ తిరిగే టూరు వద్దన్నాను. వియన్నాలో వంటగది ఉన్న ఇల్లు, ఎదురుగా పిల్లల పార్కు. పొద్దున పూట తిరగటం, మధ్యాహ్నం వాడు పడుకోవటం, అంతే. కొండల్లో కూడా మరీ ఎత్తుకి వద్దు, చెవులు నొప్పి పుడతాయని కిందనే ఒక పల్లెటూళ్ళో గది తీసుకున్నాం. అక్కడ పిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండి నడవదమ్మా. వాణ్ణి ఎవరో ఒకరు మోయాలి. మీరుంటే మీరే మోస్తారు.”

“నువ్వు మొయ్యవా?” అంది శకుంతల. గొంతులో ఇంకా కోపం ఉంది.

“నేను కాలు నొప్పి అంటాను” అంది కీర్తన.

కీర్తన లోపలికి వెళ్ళి, నిద్రపోతున్న సాత్విక్‌ని ముట్టుకోకుండా చూసి, “మీరు వస్తానంటే నేను ఆయనకేం చెప్పను. ఈ మాట మనిద్దరి మధ్యే ఉంటది” అని చెప్పి సాయంత్రం బండికి వెళ్ళిపోయింది.

శకుంతల ఆ వారమంతా నిప్పుల మీద ఉన్నట్టే ఉంది. ఎంత నిబ్బరం ఆ పిల్లకి, మొహాన రావద్దని చెప్పటానికి... అనుకునేది. మరుక్షణం రాహుల్ గుర్తొచ్చేవాడు. నిజమే, అతను బిడ్డను ఎత్తుకోగా తను ఎన్నడూ చూడలేదు. బారసాలనాడు కూడా చూడలేదు. భార్య పోయిన దిగులులే అనుకుంది, మగవాళ్ళకి అలవాటుండదులే అనుకుంది. బిడ్డ అతని వైపు పాకితే అతని ముఖం పాలిపోయేది. అది చూడలేక తనే ఎదురెళ్ళి బిడ్డను తీసుకునేది. అది దయ అనుకుంది...

ఆదివారం రాహుల్ ఒక్కడే వచ్చాడు. వీధి అరుగు మీద కూర్చున్నాడు. సాత్విక్ అతని ముందు మెట్లెక్కుతూ దిగుతూ ఆడుతున్నాడు. వంటింట్లోంచి శకుంతల గుమ్మం దగ్గరకు వచ్చేసరికి, వాడి కాలు జారింది. మోకాలు మెట్టుకు గీరుకుని ఎర్రబడింది. వాడు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, ఆపైన గుక్కపట్టి, ఎదురుగా ఉన్న మనిషి వైపు రెండు చేతులూ పైకెత్తాడు.

రాహుల్ గబుక్కున లేచి నిలబడ్డాడు. “అత్తయ్యగారూ...” అని గుమ్మం వైపు చూశాడు.

శకుంతల కాళ్ళు వాటంతటవే ముందుకు వచ్చాయి. ఆమె గుమ్మం పట్టుకుంది. పట్టు వదల్లేదు.

“నా చేతులకి పిండుంది బాబూ. నువ్వు ఎత్తుకో.”

ఆమె చేతులు శుభ్రంగానే ఉన్నాయి. రాహుల్ వాటిని చూశాడు, ఆమె ముఖం చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. అతను వంగి, పగిలిపోయే వస్తువును అందుకున్నట్టు బిడ్డను ఎత్తుకున్నాడు. ఎత్తుకోవటం తెలియని ఆ పట్టుకి సాత్విక్ ఇంకా పెద్దగా ఏడ్చాడు. “మమ్మా... మమ్మా...” అంటూ తండ్రి భుజం మీదుగా ఆమె వైపు చేతులు చాపాడు. శకుంతల గోడవైపు తిరిగి నిలబడింది. ఆ ఏడుపు వింటూ అలా నిలబడటం కంటే కూతురి పాడె వాకిలి దాటటం చూసిన రోజే తేలికేమో అనిపించింది ఆమెకు. కానీ ఏ ఏడుపైనా ఎంతసేపు... కొంతసేపటికి అది వెక్కిళ్ళయింది. వెక్కిళ్ళు కూడా తగ్గాయి. ఆమె మళ్ళీ తిరిగి చూసేసరికి బిడ్డ తల తండ్రి మెడ దగ్గర ఆనింది. ఈసారి ఏడుస్తున్నది తండ్రి.

“అందరూ వీడు స్నేహ పోలికంటారు అత్తయ్యగారూ. నాకు మాత్రం తను కనపడదు. వీడు వీడిలాగే కనిపిస్తాడు. వీణ్ణి ఎత్తుకుంటే నాకు సంతోషమేసుద్దని భయం. తను పోయి నేను సంతోషపడటమేంటని...”

శకుంతల దగ్గరకు వచ్చి అల్లుడి వీపు మీద చెయ్యి వేసింది. “దాని బిడ్డని చూసి నువ్వు సంతోషపడితే అది బాధపడుద్దా నాయనా? నేనే తెలివితక్కువదాన్ని. నీకు సాయం చేస్తున్నాననుకుని, వాణ్ణి నీ చేతుల దాకా రానియ్యలేదు. నేను మీతో రావట్లేదు. మీరు ముగ్గురూ వెళ్ళండి.”

“అయ్యో, మీ టికెట్టు కూడా తీశాం కదండీ...”

“తీస్తే తీశారు. వద్దని చెప్పు.”

అతను వెళ్ళగానే కీర్తనకు ఫోను చేసింది. “అమ్మా కీర్తనా, నువ్వు ఇంక కాలు నొప్పి అబద్ధం సిద్ధం చేసుకో. కానీ ఉన్నపళాన విమానం ఎక్కిస్తే బిడ్డ బెంగపడతాడు. ముందే తెనాలి తీసుకొస్తా, మీ దగ్గర అలవాటు చేసుకోండి.”

“మీరెట్టా ఉంటారమ్మా?” అంది కీర్తన.

“ఏడుస్తా. ఏడిస్తే ఏమైంది, నాకు అలవాటేగా.”

అన్నట్టుగానే మనవణ్ణి తీసుకుని తెనాలి వెళ్ళింది. రెండు రోజులుండి, జావ ఎంత పలచగా కాయాలో, నిద్రొస్తే వాడు ఏ చెవి నలుపుకుంటాడో కీర్తనకు చూపించింది. బయలుదేరేటప్పుడు రాహుల్ తల్లి సామ్రాజ్యం, “వాడు పడుకున్నాక వెళ్ళు వదినా, చూస్తే ఊరుకోడు” అంది.

“వద్దు వదినా. లేచి చూస్తే నేను లేననుకో, మనుషులు నిద్రలో మాయమైపోతారనుకుంటాడు. వాళ్ళమ్మని ఎటూ అట్టాగే పోగొట్టుకున్నాడు. నేను చెప్పే వెళ్తాను.”

మనవడి ముందు కూర్చుని, “అమ్మమ్మ బాపట్ల వెళ్తుంది కన్నా. నువ్వు నాన్నతో, అమ్మతో కొండలకి వెళ్తావు. మళ్ళీ వస్తావు” అంది. అమ్మ అన్న మాట దగ్గర గొంతు ఆగలేదు. అది ఆమెకే ఆశ్చర్యమైంది. గుమ్మంలో నిలబడిన కీర్తన పరుగున వచ్చి ఆమె పాదాలకు దండం పెట్టబోతే, పట్టి లేపి గుండెలకు హత్తుకుంది. వీధి మలుపు తిరిగేదాకా బిడ్డ ఏడుపు వినబడుతూనే ఉంది. ఆమె మాత్రం వెనక్కి చూడలేదు.

వాళ్ళు విమానం ఎక్కిన తరువాత ఇంట్లో ఉండలేక, రేపల్లె దాటి పెనుమూడిలో ఉన్న అక్క ధనమ్మ దగ్గరకు వెళ్ళింది శకుంతల. కృష్ణ ఒడ్డు ఊరు, గాలి చల్లగా ఉంటుంది, నాలుగు రోజులుండమంది అక్క. వియన్నా నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. వీధుల్లో నడిచే ట్రాము రైలు ఎక్కాడనీ, మొదటి రెండు రోజులు మమ్మ కావాలని ఏడ్చాడనీ, జావ తాగాడనీ చెప్పేది కీర్తన. ఏదీ దాచేది కాదు. ఆ నిజాయితీ శకుంతలకు నచ్చింది.

ఒకరోజు సాయంత్రం, అక్కాచెల్లెళ్ళు కాఫీ తాగుతూ కూర్చున్నప్పుడు వీడియో కాల్ వచ్చింది. తెర మీద పచ్చటి కొండవాలు, దూరంగా మంచు. రాహుల్ దారి పక్క బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చెమటపట్టిన ముఖం, ఊపిరి ఆడక ఆయాసం. సాత్విక్ అతని భుజానికి అతుక్కుపోయి ఉన్నాడు.

“చాలా దూరం ఎత్తుకొచ్చానండీ. కీర్తనకి కాలు నొప్పట” అన్నాడు. వెనకాల ఎక్కడో కీర్తన నవ్వు వినబడింది.

“సాత్వీ... నాన్నా... అమ్మమ్మని చూడు” అని పిలిచింది శకుంతల.

వాడు సగం మూసుకున్న కళ్ళతో తెర వైపు చూశాడు. గుర్తుపట్టి చిన్నగా నవ్వాడు. చెయ్యి చాపుతాడేమోనని ఆమె ముందుకు వంగింది. వాడు చాపలేదు. చెవి నలుపుకుంటూ ముఖం తిప్పేసి, తండ్రి మెడలో దాచుకున్నాడు.

ధనమ్మ చెల్లెలి ముఖం వైపు భయంగా చూసింది. శకుంతల కళ్ళు నిండాయి. అయినా ఆమె నవ్వుతోంది.

“లేపుతాను, ఉండండి అత్తయ్యగారూ. రా కన్నా, అమ్మమ్మతో మాట్లాడు...”

“వద్దు వద్దు, లేపమాకు నాయనా. పడుకోనియ్యి. భుజం మార్చుకో ఒకసారి, లేకపోతే రేపటికి చెయ్యి పైకి లెగవదు. తల కింద అరచెయ్యి పెట్టు... ఆఁ, అట్టా. ఇంక కదలకుండా కూర్చో.”

అతను ఆమె చెప్పినట్టే చేశాడు. ఆమె ఫోను పెట్టేయలేదు. బిడ్డ ఊపిరి ఎక్కిదిగటం చూస్తూ, వాడు పూర్తిగా నిద్రలోకి జారుకునేదాకా ఆమె అలాగే కూర్చుంది.