కంఠతా వచ్చిన పరీక్ష

ఉదయం తొమ్మిదింటికి యంత్రాల ఇన్‌స్పెక్టర్ హాస్పిటల్ లిఫ్ట్ ఎక్కాడు. ఆరో అంతస్తులో తలుపులు తెరుచుకునేసరికి ఆయనలో ప్రాణం లేదు. చేతిలో బ్రీఫ్‌కేస్, అందులో సంతకం లేని సర్టిఫికెట్ మిగిలాయి.

అరగంటలో ఆ సర్టిఫికెట్ రెండు వీధుల అవతల, డ్రైక్లీనింగ్ షాపు వెనకగదిలో, గూఢచారి శాఖ చీఫ్ టేబుల్ మీద ఉంది. ఎదురుగా నిలబడ్డ ఏజెంట్‌ని డిపార్ట్‌మెంట్‌లో అందరూ 'అనుమానం' అంటారు. సొంత ఇంట్లో కాఫీ కూడా వాసన చూసి తాగే రకం.

"ఆటోమేటిక్ మందు మిషన్లు," అన్నాడు చీఫ్. "రోగికి ఎంత మందు ఎక్కించాలో అవే చూసుకుంటాయి. పదకొండింటికి సర్టిఫికెట్ ఇవ్వాలి. అప్పటిదాకా ప్రతి మిషన్ దగ్గరా ఒక నర్సు దాన్ని ఆపే స్విచ్ మీద చెయ్యేసి కూర్చోవాలి. పాసయితే లేచి వెళ్లొచ్చు."

"అమ్మింది ఎవరు?"

"పైకి కంపెనీ. లోపల విదేశీ ముఠా. రేపు కోర్టులో వాళ్ల గుట్టు విప్పే సాక్షి ఏడో గదిలో ఉంది. నిన్నే అపెండిక్స్ తీశారు. మారుపేరుతో చేర్పించాం."

ఆ సాక్షి అనుమానానికి సొంత అక్క. మామూలు ఉద్యోగమనుకుని ముఠాకు మూడేళ్లు ప్రోగ్రాములు రాసింది. నిజం తెలిసిన రోజే తమ్ముడికి ఫోన్ చేసింది.

"నిన్ను పంపకూడదు," అన్నాడు చీఫ్. "కానీ ఈ పని తెలిసినవాడు ఇంకొకడు లేడు. ఆమెను అక్కణ్నుంచి కదిలిస్తే ముఠా జాగ్రత్త పడుతుంది. వెళ్లు."

పదీ ఇరవైకి కొత్త ఇన్‌స్పెక్టర్ ఆరో అంతస్తులో దిగాడు. దళసరి కళ్లద్దాలు, అతికించిన మీసం. డెమో గదిలో కంపెనీ మేనేజర్ పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. అతని పక్కనున్న పచ్చగౌను అమ్మాయిని చూస్తే ఎవరికైనా చెక్‌లిస్టు చేతిలోంచి జారుతుంది. ఆమె రెండు వైపులా జీతం తీసుకుంటుందని అనుమానానికి తెలుసు. ఈ రోజు ఎటువైపో తెలియదు.

"కిటికీ తెరిస్తే దుమ్మొస్తుందా?" అన్నాడు.

"మూసినా వస్తుంది," అందామె. కోడ్ సరిపోయింది.

టేబుల్ మీద రబ్బరు చెయ్యి, దానికి మిషన్ ట్యూబు. మొదటి పరీక్ష, రెండోది, మూడోది. అన్నీ పాస్. ఇంతలో అతని చేతిగడియారం సన్నగా వణికి, చీఫ్ పంపిన సందేశం చూపింది. గోడ అవతలి మిషన్లు రోగుల ముఖాల ఫోటోలు బయటికి పంపుతున్నాయి. మారుపేరు పెట్టి ఏం లాభం? అక్క ముఠాకు దొరికిపోయింది!

ట్యూబు సర్దే నెపంతో పచ్చగౌను అమ్మాయి అతని వైపు వంగింది. "మీ చెక్‌లిస్టు ఈ మిషన్‌కి కంఠతా వచ్చు."

అనుమానానికి సంగతి అర్థమైంది. ఇన్‌స్పెక్టర్లందరూ ఒకటి నుంచి నలభై దాకా అదే వరసలో పరీక్షిస్తారు. ఆ వరస మొదలవగానే మిషన్ బుద్ధిగా కూర్చుంటుంది. పోయిన పెద్దాయన ఇది కనిపెట్టే ఉంటాడు.

మిషన్ ఆపి మళ్లీ ఆన్ చేశాడు. ఈసారి నలభైతో మొదలుపెట్టాడు. తర్వాత పదిహేడు. తర్వాత ముప్పై.

"అలా చెయ్యరండీ!" మేనేజర్ నవ్వు మాయమైంది.

"రోగులు వరసలో రారండీ."

మిషన్ తికమకపడలేదు. ఎదురుగా ఉన్నది నిజమైన రోగి అనుకుంది. సిరంజి మొత్తం ఒక్క తోపుతో రబ్బరు చేతిలోకి ఖాళీ చేసింది. మందు మణికట్టు దాకా పొంగి టేబుల్ మీదికి కారింది.

మేనేజర్ మైకు అందుకున్నాడు. "అన్ని గదులకూ! మిషన్లు పాసయ్యాయి. నర్సులు బయటికి రావచ్చు!"

ఏనాడూ ఫెయిలవని పరీక్ష కదా, ఎవరూ ఫలితం అడగలేదు. గదుల తలుపులు టపటపా తెరుచుకున్నాయి. మేనేజర్ బొటనవేలు జేబులోని ఏడో గది మిషన్ రిమోట్‌ని నొక్కేసింది. మరుక్షణం పచ్చగౌను అమ్మాయి హైహీల్ అతని పాదం మీద దిగింది.

"పరిగెత్తు!" అని అరిచిందామె.

అనుమానం ఏడో గదిలోకి దూసుకెళ్లాడు. అక్క నిద్రలో ఉంది. సిరంజి పిస్టన్ సాఫీగా ముందుకు కదులుతోంది. ఏ స్విచ్ ఏదో చూసే టైం లేదు. నీళ్ల గొట్టాన్ని మడిచినట్టు ట్యూబుని రెండు మడతలు వేసి పిడికిట్లో బిగించాడు. మిషన్ గీపెట్టింది. మందు అక్క చేతికి బెత్తెడు దూరంలో ఆగిపోయింది. మరో చేత్తో సూది వైపు ట్యూబు పీకేశాడు. అప్పుడొచ్చింది ఏడుపు, ఆపుకోలేదు.

మేనేజర్‌ని బేడీలతో దించుతుండగా నర్సు పరుగున వచ్చింది. చేత్తోనే ఇవ్వడానికి ఇంజెక్షన్ తెచ్చింది. అనుమానం ఆమెకు అడ్డం నిలబడ్డాడు. ఐడీ కార్డు అడిగాడు, సీసా లేబుల్ రెండుసార్లు చదివాడు, ఇంజెక్షన్ ముందు తనకివ్వమన్నాడు.

అక్క కళ్లు తెరిచింది.

"ఒరేయ్, దారివ్వరా. మిషన్లని అనుమానించడానికైతే నీకు జీతమిస్తారు. మనుషుల్ని మాత్రం చిన్నప్పట్నుంచీ ఊరికే అనుమానిస్తున్నావు."