నిబ్బరపట్టీ

ఎలుక పిల్లలన్నిటినీ గూట్లోంచి తీసి, గాజుపెట్టె మూలమూలలా వేసి, కెజియా చేతులు వెనక్కి తీసుకుంది. కళ్ళయినా తెరవని ఆ గులాబీరంగు కూనల ఏడుపు మనిషి చెవికి అందదు. బల్ల మీది సన్నస్వరపెట్టె దాన్ని పట్టుకుని కీచుమని వినిపిస్తోంది. మామూలు తల్లి అయితే ఈపాటికి ఒక్కొక్కదాన్నే నోట కరుచుకుని గూటికి చేర్చేసేది. ఈ తల్లి మెడకు గోరంత నిబ్బరపట్టీ ఉంది. అది తాపీగా మీసాలు దువ్వుకుంటోంది.

వారం నుంచీ పట్టీ ఉన్న ఏ తల్లిని పెట్టినా ఇదే వరస.

విశాఖలో ఇప్పుడు పట్టీ లేని మెడ కనబడదు. మెదడులో భయం పుట్టే చోటును అది జోకొడుతుంది. పరీక్షలు రాసేవాళ్ళూ, వేటకు సముద్రం మీదికి పోయేవాళ్ళూ, పెళ్ళిచూపుల్లో కూర్చునేవాళ్ళూ అందరూ తొడుక్కుంటున్నారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు కెజియా ఒక్కతే ఒంటికి పడదని వంక పెట్టి తప్పించుకు తిరుగుతోంది. భయమే లేకపోతే గ్యాస్ కట్టిందీ లేనిదీ ఎవరు చూస్తారని ఆమె బెంగ.

ఇక బాలింతలకూ ఇస్తారట. చెల్లెలు దీవెన మొన్ననే కొడుకును కన్నది. ఈ సాయంత్రమే పట్టీ తొడుగుతామన్నారు ఆస్పత్రివాళ్ళు.

"నువ్వా ల్యాబ్‌లోనే కదక్కా చేసేది. నువ్వు ఊఁ అంటేనే పెట్టించుకుంటా," అంది పొద్దున ఫోన్లో. "రాత్రంతా వీడు ఊపిరి తీస్తున్నాడో లేదోనని చూస్తూ కూర్చున్నా."

"నేను చెప్పేదాకా పెట్టించుకోకే," అంది కెజియా.

ల్యాబ్ పెద్ద వరాహమూర్తి గారు వచ్చి గాజుపెట్టెలోకి చూశారు.

"నీ ఫలితాలు చెల్లవమ్మా," అన్నారు మెత్తగా. ఆయన మెడ మీద పట్టీ పచ్చగా వెలుగుతోంది. "పట్టుకునే చేతికి భయముంటే ఆ చెమట వాసన ఎలుకకి తెలిసిపోతుంది. బెదిరి పిల్లల్ని వదిలేస్తుంది. తప్పు పట్టీది కాదు, నీ చేతిది."

"పట్టీ లేని తల్లుల్నీ నేనే పట్టుకున్నానండి. అవి పిల్లల్ని గూటికి తెచ్చుకున్నాయి కదండీ!"

"పరీక్ష చేసే చేతికి భయం ఉండకూడదన్నది నియమమమ్మా. పట్టీ పెట్టుకుని ఒక్కసారి చెయ్యి. అప్పుడూ ఇలాగే వస్తే, నువ్వు ఆపమంటే బాలింతలకి పట్టీలు ఇవ్వడం ఆపించేస్తాను. సరేనా?"

ఒక్క పరీక్షే కదా అనుకుంది కెజియా. తర్వాత ఎవరూ కాదనలేరు. దీవెనకి వద్దని చెప్పాలి, వద్దని చెప్పాలి అని గొణుక్కుంటూనే పట్టీ తొడుక్కుంది.

అది చల్లగా మెడకు అతుక్కుంది. గుండెదడ అణిగింది. బిగుసుకుని ఉన్న భుజాలు ఎన్నాళ్ళకో కిందికి దిగాయి. ఎంత హాయి!

పట్టీ ఉన్న మరో తల్లిని పెట్టెలో వదిలి, దాని పిల్లల్ని మూలలకు వేసింది. తల్లి కదల్లేదు. కీచులు ఎక్కువయ్యాయి. చెవులకు ఇబ్బందిగా ఉందని కెజియా శబ్దం తగ్గించింది. పరీక్ష అయ్యాక పిల్లల్ని తన చేత్తో గూట్లో పెట్టి, దూది కప్పనిదే ఆమె ఏనాడూ లేవలేదు. ఈవేళ లేచి వెళ్ళి చేతులు కడుక్కుంది.

"ఏమైందమ్మా?" అన్నారు వరాహమూర్తి గారు.

"పిల్లలు మూలల్లోనే ఉన్నాయండి. తల్లి మాత్రం ఏం కంగారు పడలేదు."

"మరి ఆపించమంటావా?"

ఇందాకటి మాటలన్నీ ఆమెకు గుర్తున్నాయి. ఒక్కటీ గుచ్చుకోలేదు.

"ఇప్పుడంత తొందరేముందండి," అంది.

ఆయన తలూపి వెళ్ళిపోయారు. పెట్టెలో కూనలు ఒక్కొక్కటే చల్లబడుతున్నాయి. ఫోన్ మోగింది.

"అక్కా, నర్సమ్మ పట్టీ తెచ్చింది," అంది దీవెన. వెనక పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. "నాకెందుకో భయంగా ఉందక్కా. పెట్టించుకోనా?"

"పెట్టించుకోవే. హాయిగా ఉంటుంది."

"వీడు ఏడుపు ఆపట్లేదక్కా."

"ఏడవనీ," అంది కెజియా. "కాసేపటికి వాడే ఊరుకుంటాడులే."