నల్లమ్మ దాచిన కాయలు

ఎలుకలు పడ్డాయంటే ఇక ఊళ్ళో ఉండకూడదు. ఆ సంగతి శింగనమల చుట్టుపక్కల చిన్నపిల్లలకైనా తెలుసు. దూలం మీంచి ఒక ఎలుక తప్పతాగినవాడిలా తూలుతూ వచ్చి నట్టింట్లో పడి చచ్చిందా, చాపా చెంబూ పట్టుకుని చేలల్లోకి పోయి గుడిసెలు వేసుకోవలసిందే. ఆ కరువేడు ఊరంతా అలాగే పోయింది. తిప్పన్న కూడా పోయాడు. కాకపోతే అతను భార్య నల్లమ్మను పూడ్చి పోయాడు.

నల్లమ్మ ఒళ్ళు దాచుకునే మనిషి కాదు. చేలగట్ల మీది ఎలుక బొక్కలను గడ్డపారతో తవ్వి, భుజం దాకా చెయ్యి దూర్చి, ఎలుకలు దాచుకున్న వేరుశెనక్కాయలను ఒడినిండా తెచ్చేది. కరువులో బీదాబిక్కీ అందరూ చేసే పనే అది. అయితే తెచ్చినవి ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. వాన పడితే విత్తనానికి కావాలని కుండలో పోసి అటక మీద పెట్టింది. కూతురు సిద్దమ్మ ఒక్క కాయ అడిగితే చేతి మీద కొట్టింది. ఆ తర్వాత కొద్దిరోజులకే నల్లమ్మ చంకలో గడ్డ లేచింది. ఒళ్ళు కాలిపోయింది. చివరికి మాట కూడా పడిపోయింది.

హెల్తు వాళ్ళు వచ్చి ఇల్లంతా తెల్లపొడి చల్లారు. తలుపుకు కంప అడ్డం వేయించి, లోపలి నుంచి పిడికెడు గింజలు కూడా బయటికి తేకూడదని చెప్పి పోయారు. ఎలుకల ఒంటి మీది పురుగు కుడితే ఈ ప్లేగు వస్తుందట. నువ్వుగింజంత లేని పురుగు గడ్డపార పట్టే మనిషిని పడగొట్టిందంటే తిప్పన్నకు నమ్మబుద్ధి కాలేదు.

ఇప్పుడు సిద్దమ్మ వంతు వచ్చింది. ఈసారి ప్లేగు కాదు, ఆకలి. ప్లేగు అంటుతుందని గంజి కేంద్రం వాళ్ళు గుడిసెల జనాన్ని దగ్గరికి రానివ్వలేదు. బండిలో పంపిస్తామన్న గంజి రాలేదు. తల్లిలేని పాపను పక్క గుడిసె హబీబా ఒళ్ళో పెట్టుకుని చూసుకునేది. ఆమె తిప్పన్నను బయటికి పిలిచి, పాప మెడ నిలవడం లేదని, రేపటి మాట చెప్పలేనని మెల్లగా అంది. తిప్పన్నకు అటక మీది కుండ గుర్తుకొచ్చింది. నిజానికి అదెప్పుడూ మరపున పడలేదు.

రాత్రయితే దొంగల భయానికి తలారి ఊరి చుట్టూ తిరుగుతాడు. అందుకని మిట్టమధ్యాహ్నం బయలుదేరాడు. దయ్యాలు తిరిగే ఆ వేళలో ఖాళీ ఊళ్ళో అడుగుపెట్టడానికి తలారికైనా ధైర్యం చాలదు.

వీధుల్లో ఎండ తప్ప ఇంకేమీ లేదు. కుక్కలు కూడా జనం వెంట పోయాయి. తన ఇంటి మిద్దె ఎక్కి గవాక్షి మీది బండను జరిపాడు. వెలుతురు కోసం కప్పుకు పెట్టిన ఆ కంతలో మామూలు రోజుల్లో అయితే అతని భుజాలు పట్టేవి కావు. కరువు పుణ్యమా అని పట్టాయి. పిట్టగోడ రాతికి తాడు కట్టి లోపలికి జారాడు.

పొడి వాసన. చచ్చిన ఎలుకల కంపు. వాటి అడుగున ఇంకో వాసన... నల్లమ్మ పడుకున్న మూల నుంచి, పుల్లగా, జ్వరం వాసన. కప్పు నుంచి పడిన ఎండ నేల మీద చేటంత ఉంది. మిగతాదంతా చీకటి.

పటుక్...

ఎలుకే అనుకున్నాడు. కానీ ఊళ్ళో ఎలుకన్నది ఎక్కడ మిగిలింది?

పటుక్... పటుక్...

బొటనవేలితో కాయ నొక్కే చప్పుడు అది. విత్తే కాలం వచ్చిందంటే ఆ చప్పుడు వింటూనే ఇన్నేళ్ళూ నిద్రపోయాడు. అటక కింది నుంచి వస్తోంది. ఎవరో ఒలుస్తున్నారు. తొందర లేకుండా... ఒక్కొక్కటే...

"ఎవురికి?"

ఎండి బీటలు వారిన గొంతు. ఆ గొంతును తిప్పన్న పోల్చుకున్నాడు. చీకటివైపు తిరిగి అన్నాడు.

"పాపకు. పాప సచ్చిపోతాంది, నల్లా."

చప్పుడు ఆగింది.

"నువ్వు తీస్కపోవద్దు."

అంత భయంలోనూ అతనికి కోపం ముంచుకొచ్చింది. ఒక్క కాయ కోసం బిడ్డను కొట్టిన చెయ్యి కళ్ళముందు మెదిలింది.

"సచ్చినాక గూడా విత్తనాలేనా నీకు? బిడ్డ కంటే ఎక్కువా?"

చీకట్లోకి చెయ్యి చాచాడు. అటక తగిలింది. కుండ తగిలింది. కాయలన్నీ పైగుడ్డలో గుమ్మరించి మూటకట్టి, పంటితో కరిచి తాడు పట్టుకున్నాడు. చేతులు రెండూ పైకెత్తాడో లేదో... చంక కింద ఎవరో పట్టుకున్నారు. చచ్చినవాళ్ళ ఒళ్ళు చల్లగా ఉంటుందంటారు. ఆ చెయ్యి పొయ్యి మీది పెనంలా కాలుతోంది.

"వద్దు... నువ్వొద్దు..."

విదిలించుకున్నాడు. ఎలా ఎక్కాడో, ఎలా దూకాడో తెలియదు.

గుడిసెలో మూట విప్పారు. హబీబా ఒక కాయ నొక్కింది. ఉత్త డొల్ల. ఇంకొకటి నొక్కింది. అదీ డొల్లే. అన్నీ పైకి నిండుగానే కనబడుతున్నాయి, ఒక్కదానిలోనూ గింజ లేదు. ప్రతి కాయనూ తెరిచి, గింజ తీసుకుని, మళ్ళీ మూసినట్టు ఉంది.

డొల్లల మధ్య కూలబడి తిప్పన్న గోడుగోడున ఏడ్చాడు. ఏడుస్తుంటే మెల్లగా మనసుకు తట్టింది. ఆ ఇంటి చావు బిడ్డను అంటకూడదనే నల్లమ్మ అడ్డం పడింది కాబోలు. అలాంటి తల్లిని పిసినారి అనుకున్నందుకు సిగ్గుతో కుంచించుకుపోయాడు. ఆ సాయంత్రమే గంజిబండి వచ్చింది. సిద్దమ్మ రెండు గుక్కలు మింగి, కళ్ళు తెరిచి, "నాయనా" అంది. తిప్పన్న ఊరివైపు తిరిగి దండం పెట్టాడు.

వారం తిరక్కముందే ఆ చేతుల్లో ఒకటి పైకి లేవలేదు. కాలే చెయ్యి పట్టిన చోటనే గడ్డ లేచింది. పాపను హబీబాకు అప్పగించి, తన దగ్గరికి ఎవరినీ రానివ్వద్దని చెప్పి, గుడిసెలకు దూరంగా బండచాటున నాలుగు కొమ్మలు పాతుకుని పడుకున్నాడు. తను పోయినా పిల్ల బతికితే చాలు. ఆ ఒక్క ఆశ మీదే జ్వరాన్ని ఓర్చుకున్నాడు.

పొద్దు వాలుతుండగా హబీబా వచ్చి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడింది. పాప లేచి కూర్చుందని, నవ్వుతోందని చెప్పింది.

"తిప్పన్నా, పాపకు శెనగ్గింజలు ఎవురిస్తాండారప్పా? ఎప్పుడు చూసినా గుప్పిటినిండా ఉంటాండాయి."

తీసుకుపోవద్దన్న మాట మళ్ళీ తిప్పన్న చెవిలో పడింది. ఆమె వద్దన్నది కాయలను కాదు, అతన్ని. నువ్వు తీస్కపోవద్దు... నువ్వొద్దు... లేవబోయాడు. ఒళ్ళు కదలలేదు. తిననీయొద్దు అక్కా అని అరవబోయాడు. నోరు తెరుచుకుంది గాని మాట రాలేదు.

హబీబా కొంగు ముడి విప్పింది. లోపల ఎర్రగా, నున్నగా నాలుగు గింజలు. పట్టుకోలేక ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటోంది.

"పెనం మీంచి ఇప్పుడే తీసినట్టు కాలుతాండాయి. నేనైతే ఈపొద్దు పొయ్యి గూడా అంటియ్యలేదు."

ఆమె వెనక, పాప ఒక్కతే ఉన్న గుడిసెలో, పటుక్‌మంది.