రోజుకో కిలో జొన్నలు

శెంబగం నన్ను మొదటిసారి చూసింది దొంగగానే.

పుళియంతోపులో వాళ్ల గింజల కొట్టు ముందు లారీ మూటలు దింపి వెళ్లిపోయింది. రోడ్డు మీద రాలిన జొన్నల్ని చీపురుతో పోగేసి సంచిలోకి ఎత్తుకుంటున్నాను. నా మణికట్టు మీద గొడుగు మొన వచ్చి ఆగింది.

"వారం నుంచి చూస్తున్నా, మా వాకిట్లో కొత్త ఎలుక ఏదో తిరుగుతోందని."

రోడ్డు మీద పడ్డవే కదా అన్నాను. రోడ్డు మీద పడ్డవి రంజితం అవ్వ సొత్తు అంది. పదేళ్లుగా ఆ వాకిలి ఊడ్చి, ఆ గింజలు చెరిగి, కోళ్లు పెంచేవాళ్లకి అమ్ముకుని బతుకుతోందట ఆ ముసలావిడ. వారం రోజులుగా చేటలో ఏమీ పడకపోయేసరికి తన చూపే పోయిందనుకుని కళ్లాసుపత్రికి వెళ్లి గంటసేపు లైన్లో నిలబడి వచ్చిందట.

 సంచి అక్కడే గుమ్మరించాను.

"కోళ్లకా?" అంది.

"పావురాలకి. ముప్పై ఆరు. రేసు పక్షులు."

గొడుగు మొన కిందికి దిగింది. ఆమె తండ్రి పెరంబూరు పావురాల క్లబ్బుకి సెక్రటరీగా ఉండేవాడని, ఆయన మంచాన పడ్డాక పందెంలోకి తీసుకున్న పక్షుల రెక్క మీద ముద్ర వేసే పని ఆమెదేనని అప్పుడు తెలిసింది.

నాది గోడలకి రంగులేసే పని. ఆ ఏడు వాన సెప్టెంబరులోనే దిగింది. తడి గోడకి రంగు వేయించుకునే పిచ్చివాడు చెన్నైలో ఉండడు. పందేలూ జనవరి దాకా లేవు. అంటే నాకూ నా పావురాలకీ ఒకేసారి సెలవులు. కడుపులకి మాత్రం సెలవు లేదు.

శెంబగం నా మీద జాలి పడలేదు, పాఠం చెప్పింది. బఠానీలు, శనగలు, కుసుమలు పందేల రోజుల్లో పెట్టే తిండి అంది. ఇప్పుడు జొన్నలూ, కాసిని వడ్లూ చాలు. రోజుకి ఒక్కపూట, సాయంత్రం. ఆదివారం గుప్పెడు వేరుశనగలు.

"చవకది పెట్టు, తప్పు లేదు. కానీ మానెయ్యకు. ఇవి ఈకలు మార్చే రోజులు."

తెలుసు అన్నాను. నిజంగానే తెలుసు.

మర్నాటి నుంచి రోజూ వెళ్లి ఒక కిలో కొనుక్కునేవాణ్ణి. నాలుగో రోజు ఆమె తక్కెడ ఆపి, మూట కొంటే చవక కదా అని అడిగింది. నడక ఒంటికి మంచిది అన్నాను. పదో రోజు మళ్లీ అడిగింది. మూట మోస్తే నడుం పట్టేస్తుంది అన్నాను. ఇరవయ్యో రోజుకి అడగడం మానేసి నవ్వడం మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి నేను వెళ్లే వేళకి జడలో కనకాంబరాలు ఉండేవి.

ఒకరోజు వాన కుండపోతగా పడుతోంటే పాలిథిన్ కవరు తీసింది. తల మీద వేసుకోమంటుందేమోనని చెయ్యి చాపాను. దాంతో జొన్నల సంచి చుట్టి ఇచ్చింది.

"గింజలు తడిస్తే బూజు పడతాయి. నీకు బూజు పట్టదులే."

ఆ రోజు తడుస్తూనే ఇంటికి వెళ్లాను. చలి వెయ్యలేదు.

మూట కొనడానికి నా జేబులో డబ్బు లేదని ఆమెకి చెప్పలేదు. ఆమె అనుకుంటున్నది వేరు. అది అబద్ధమూ కాదు కాబట్టి, అలాగే అనుకోనిచ్చాను.

నవంబరు చివర తుఫాను వచ్చింది. రైలు పట్టాల కింది వ్యాసర్పాడి సబ్‌వే నీళ్లతో నిండిపోయింది. నాకు చిల్లర పని కూడా దొరక్క అప్పటికి ఇరవై రోజులు. జేబులో బస్సు ఛార్జీ కూడా లేదు. అరువు అడిగితే శెంబగం ఇచ్చేది. అడగలేదు. కనకాంబరాలు పెట్టుకుని ఎదురుచూసే మనిషి ముందు చెయ్యి చాపడం నావల్ల కాలేదు.

నాలుగు రోజులు కొట్టు వైపు వెళ్లలేదు. రేషన్ బియ్యం ఉడికించి నేను సగం తిని, సగం వాటికి పెట్టాను. అవి ముక్కుతో కదిపి వదిలేశాయి. నా అడుగుల చప్పుడు వినగానే తీగల దగ్గరికి వచ్చే పక్షులు నాలుగో రోజు కదలకుండా నన్నే చూస్తూ కూర్చున్నాయి.

ఐదో రోజు పొద్దున సూప్ దొరై వచ్చాడు. పక్షవాతానికి మంచిదని పావురం సూప్ అమ్ముతాడు, సందు చివర. పందెం పక్షిని ఇంకెవరూ కొనరు. ఎంత దూరం తీసుకుపోయినా, గూడు తలుపు తెరిచిన రోజున పాత మేడ మీదికే వచ్చేస్తుంది. సూప్ కొట్టు నుంచి మాత్రం ఏదీ తిరిగి రాదు.

ఆరు ఇచ్చాను. అందులో 417కి జోడీ అయిన మగపక్షి ఉంది.

417 అంటే దాని కాలి రింగు మీద నంబరు. నీలిరెక్కల ఆడపక్షి. రెండేళ్ల కిందట నాగ్‌పూర్‌లో వదిలితే రెండోరోజు సాయంత్రానికి మేడ మీద వాలింది. మళ్లీ ఒక్కసారి అలా వస్తే దాని పిల్లలు ఎగరడం నేర్చుకోకముందే కొనుక్కుపోతారు. ఇంకో గూడు తెలియని పిల్లలే అమ్ముడుపోతాయి. నా ఆశంతా ఆ ఒక్క పక్షి మీదే.

ఆ ఆరు పక్షుల డబ్బుతోనే శెంబగం కొట్టుకి వెళ్లాను. అరక్కోణంలో చుట్టాల పెళ్లికి వెళ్లానని చెప్పాను.

"పెళ్లికూతురు బాగుందా?" అంది తక్కెడ మీంచి కళ్లు ఎత్తకుండా.

"చూడలేదు."

"భోజనాలు కూడా చూడనట్టున్నావు. మొహం పీక్కుపోయింది." మూతి ముడుచుకునే, గుప్పెడు గింజలు ఎక్కువ వేసింది.

వానలు ఆగాయి. పని రాలేదు. మేస్త్రీ నాకన్నా చవకగా దొరికే కుర్రాళ్లని పెట్టుకున్నాడు. ఏదో ఒక గోడ, ఏదో ఒక గేటు, ఆ పూటకి కిలో జొన్నలు. అలా జనవరి చివరిదాకా ఈడ్చుకొచ్చాను. పందెం పక్షుల్ని క్లబ్బుకి చేర్చే రోజుకి ఇక దారి లేదు. 417ని పందెంలోకి తీసుకోకపోతే మర్నాడు పొద్దున్నే రమ్మని దొరైకి చెప్పాను. ఎన్ని అని అడిగాడు. అన్నీ అన్నాను.

సాయంత్రం క్లబ్బులో వరసగా బుట్టలు. ట్యూబులైటు కింద బల్ల, బల్ల వెనక శెంబగం, చేతిలో రబ్బరు ముద్ర. నన్ను చూసి నవ్వింది. జడలో పూలున్నాయి. 417ని అందుకుని రెక్క విప్పింది.

నవ్వు ఆగిపోయింది.

ఈక పెరిగే రోజుల్లో పక్షి కడుపు మాడితే, ఆ రోజు ఆ ఈక మీద గీతై పడుతుంది. బ్లేడుతో అడ్డంగా గీసినట్టుంటుంది. మళ్లీ ఏడాది కొత్త ఈక వచ్చేదాకా పోదు. రెక్క చివరి రెండు ఈకల్నీ ఆమె వెలుతురుకి ఎత్తి పట్టింది. బొటనవేలితో తడుముతూ లెక్కపెట్టింది.

"నాలుగు," అంది. తర్వాత చాలా మెల్లిగా, "అరక్కోణం పెళ్లి."

నేను బల్ల వైపు చూస్తున్నాను.

"ముద్ర వెయ్యి శెంబగం. వచ్చేస్తుంది అది."

"గూడూరు దాటాక ఎదురుగాలి. ఈక సరిగ్గా ఈ గీతల దగ్గరే విరుగుతుంది. తెలిసి తెలిసి నా చేత్తో వెయ్యను."

"వెయ్యకపోతే పొద్దున సూప్ దొరై వస్తాడు. ముప్పై పక్షులకీ."

"ముప్పై ఆరు కదా?"

అడుగుతుండగానే ఆమెకి అర్థమైంది. వెనక వరసలో ఎవరో దగ్గారు. ఆమె 417 రెక్క మడిచింది, పసిపిల్ల చెయ్యి మడిచినట్టు.

"అయితే రోజూ కిలో కొన్నది నన్ను చూడ్డానికి కాదన్నమాట. మూటకి డబ్బు లేక. నేను పిచ్చిదానిలా పూలు పెట్టుకుని కూర్చున్నాను."



"సబ్‌వే పక్కన కొట్లో జొన్నలు మీకన్నా కిలోకి మూడు రూపాయలు తక్కువ," అన్నాను. "మా ఇంటికి అదే దగ్గర. రోజూ ఆ కొట్టు దాటుకునే మీ దగ్గరికి వచ్చాను."

ఆమె కొట్టు నడిపే పిల్ల. పెదవులు కదిలాయి. లెక్క కడుతోందని తెలుస్తోంది. రెండు నెలలు, రోజుకి మూడు రూపాయలు. లెక్క తేలేసరికి కళ్లు నిండాయి.

"ఆ డబ్బు మిగుల్చుకుని ఉంటే ఆ నాలుగు రోజులూ గడిచిపోయేవి కదరా."

నన్ను 'రా' అనడం అదే మొదటిసారి. ఎన్నాళ్లుగానో వినాలనుకున్న పిలుపు. అలా వినాల్సి వస్తుందనుకోలేదు.

ముద్ర వెయ్యలేదు. 417ని చొక్కాలో పెట్టుకుని ఇంటికి నడిచాను.

పొద్దున్నే కింద దొరై సైకిల్ బెల్లు మోగింది. గూళ్ల తలుపులు తెరిచి నిలబడ్డాను. పక్షులు తిండి పెడతాననుకుని తీగల దగ్గరికి వచ్చాయి. ముందు ఏ పక్షి మీద చెయ్యి వెయ్యాలో తెలియలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు. దొరై అనుకున్నాను.

శెంబగం. ఆయాసపడుతూ, చేతిలో చిన్న సంచి. నా వైపు చూడకుండా తొట్టిలో పోసింది. సరిగ్గా కిలో.

"మా మేడ మీద చోటుంది," అంది. "తీసుకుపోతే సాయంత్రానికి మళ్లీ ఇక్కడే ఉంటాయి. అందుకే నేనే వచ్చాను."

"మూట తెస్తే చవక కదా," అన్నాను. 

"మూట తెస్తే రేపు రావడానికి నాకు పనేముంటుంది?"

417 తొట్టి దగ్గరికి రాలేదు. జోడీ లేని గూటి ముందు కూర్చుంది. శెంబగం నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని దాని ముందు పట్టింది. అది చాలాసేపు ఆలోచించి ఒక్క గింజ తీసుకుంది.

కింది నుంచి దొరై అరుస్తున్నాడు, ఎన్ని దింపుతున్నావని. శెంబగం పిట్టగోడ దగ్గరికి వెళ్లి వంగింది.

"ఇవాళ ఏం లేవు."

"మరి రేపో?"

ఆమె వెనక్కి తిరిగి ఖాళీగా ఉన్న ఆరు గూళ్లూ చూసింది. తర్వాత నన్ను చూసింది.

"రేపు కూడా ఈ వేళకి ఇక్కడే ఉంటాను," అంది కిందికి. "అప్పుడు అడుగు."